పదిహేడో ప్రోటీన్

మా మరదలికి ముక్కు మీద కోపం. వాళ్ళక్కను పెళ్ళి చేసుకున్న నాటి నుంచి అందులో నా వాటా నాకు సక్రమంగా అందుతూనే ఉంది. అది చాలదన్నట్టు ఆమెకూ నాకూ ఉద్యోగం ఒకే చోట దొరికింది. మాది మూడంతస్తుల భవనం. కింద గర్భిణుల క్లినిక్, మధ్యలో మందుల గిడ్డంగి, పైన మా ల్యాబ్. మరదలు రక్తం పరీక్షిస్తుంది. పరీక్షలో తేలిన అంకెలతో నేను కుస్తీ పడతాను. నలుగురిలో ఉన్నప్పుడు నన్ను సార్ అంటుంది, ఒళ్ళు మండినప్పుడు బావా అంటుంది. అందుకని ల్యాబ్‌లో "బావా" అన్న పిలుపు వినపడితే చాలు, చుట్టుపక్కల వాళ్ళంతా ఎక్కడ లేని శ్రద్ధతో తమ పనుల్లో తల దూర్చేస్తారు.

మేం వెతుకుతున్నది ఒక గుర్తు కోసం. నెలలు నిండకుండానే కాన్పయ్యే తల్లి ఎవరో, నిండేదాకా మోసే తల్లి ఎవరో కడుపు ఇంకా పైకి కనపడని రోజుల్లోనే రక్తం చూసి చెప్పగలగాలి. చెప్పగలిగితే ముందుగా జాగ్రత్త పడవచ్చు, ఎందరో పసివాళ్ళు బతికి బట్టకడతారు. రక్తంలో ప్రోటీన్లు వేలల్లో ఉంటాయి. వాటిలో ఏదో ఒకటి ఈ కబురు వారాల ముందే మోసుకొస్తుందని మా ఆశ. నిజానికి ఆశ మా అందరిదీ కాదు, పెద్దాయనది. ల్యాబ్ అధిపతిని చాటున అందరం పెద్దాయనే అంటాం, ఎదురుగా అనే ధైర్యం ఇంతవరకు ఎవరికీ కలగలేదు. అరవై దాటిన మనిషి. జీతం కోసం కాక పంతం కోసం పనిచేసే రకం. ఆయన పంతం పట్టాడు కాబట్టి మేమంతా ఆశ పెట్టుకున్నాం.

పని పద్ధతి చెప్పాలి. గర్భిణులు రక్తం ఇచ్చేది రెండు చోట్ల. మామూలు కడుపుతో ఉన్నవాళ్ళు మా భవనంలోనే కింది క్లినిక్‌లో ఇస్తారు. ఇదివరకు బిడ్డ పోయినవాళ్ళు, బీపీలూ షుగర్లూ ఉన్నవాళ్ళు, కవలలను మోస్తున్నవాళ్ళు ఊరికి అటు చివరున్న పెద్దాసుపత్రికి వెళతారు, అక్కడే ఇస్తారు. ట్యూబు మీద పేరుండదు, ఒక నంబరుంటుంది. అది ఎవరి రక్తమో పరీక్ష చేసే మరదలికి తెలియదు. కాన్పు ఎప్పుడైందో ఆ తరువాత నాకు అందుతుంది. రక్తంలో తేలినదీ కాన్పులో తేలినదీ పక్కపక్కన పెట్టి చూడటం నా పని. ఇంకొక నియమం ఉంది: ఫలితం ఏ తల్లికీ చెప్పకూడదు. రుజువు కాని గుర్తును పట్టుకుని కడుపుతో ఉన్న మనిషిని భయపెట్టడం తప్పు, ధైర్యం చెప్పడం అంతకంటే తప్పు. ఈ మాట పెద్దాయన మొదటి రోజే అందరి చెవిలో వేశాడు.

వేల ప్రోటీన్లను జల్లెడ పట్టగా పట్టగా చివరికి కొన్ని మిగిలాయి. వాటిలో పదిహేడోది మమ్మల్ని గెలిపించింది, లేదా గెలిపించిందని మేం అనుకున్నాం. దానికి పలకడానికి నోరు తిరగని పేరొకటి ఉంది. మేం మాత్రం పదిహేడు అనే పిలిచేవాళ్ళం. ఆ గ్రాఫు మొదటిసారి గీసినప్పుడు నా కళ్ళను నేనే నమ్మలేదు. ముందస్తు కాన్పుల చుక్కలు దాదాపు అన్నీ పదిహేడు ఎక్కువున్న పై వైపు గుంపు కట్టాయి, నెలలు నిండిన కాన్పులవి చాలావరకు కింద. ఇన్నేళ్ళ ఉద్యోగంలో అంత శుభ్రమైన గ్రాఫు నాకెప్పుడూ రాలేదు. పెద్దాయన ఆ రోజు ఎవరినీ కసరలేదు. దాన్నిబట్టే ఆయన సంతోషం ఎంతటిదో మాకు అర్థమైంది.

ఇక మరదలి సంగతి. మూడేళ్ళ కిందట ఆమెకు ఆరో నెలలోనే కాన్పయింది. ఆడపిల్ల. ఒక పూట మాత్రం ఉంది. సెలవు ఇంకా ఉండగానే మరదలు పనిలోకి వచ్చేసింది. ఎవరూ నన్నేమీ అడగొద్దని ముఖం మీదే రాసుకుని తిరిగింది. ఎవరం అడగలేదు కూడా. అప్పటివరకు ఉద్యోగంలా చేసిన పని అప్పటి నుంచి ఎవరి మీదో కక్ష తీర్చుకుంటున్నట్టు చేసింది. పదిహేడును పట్టుకున్నది ముమ్మాటికీ ఆమె చేతులే.

ఆ పదిహేడు దొరికిన కొన్నాళ్ళకే ఆమె మళ్ళీ నెల తప్పింది. పెద్దాసుపత్రిలోని లేడీ డాక్టరు పాత సంగతులన్నీ చూసి, గర్భసంచి మూతికి కుట్టు వేద్దామంది. కిందటిసారి నొప్పులేవీ తెలియకుండానే మూతి తెరుచుకుంది కాబట్టి ఈసారి ముందే బిగించి ఉంచాలని ఆమె ఉద్దేశం. ఐదో నెల దాటితే కుట్టడం కష్టమని కూడా చెప్పింది. మరదలు ఒప్పుకోలేదు. కుట్టు వల్లా ఒక్కోసారి ఇబ్బంది వస్తుంది, చీము పట్టవచ్చు, ఉమ్మనీటి సంచి చిట్లవచ్చు. అవసరం ఉన్నవాళ్ళు ఆ ప్రమాదానికి సిద్ధపడాలి, అవసరం లేనివాళ్ళు ఎందుకు పడాలి అని వాదించింది. తనకు అవసరం లేదని ఆమెకు ఎలా తెలుసంటే, పదిహేడు చెప్పింది.

సోమవారం సోమవారం కింది క్లినిక్‌లో చెయ్యి చాపి ఒక ట్యూబు రక్తం ఇచ్చేది. దాన్ని గుప్పిట్లో పట్టుకుని మెట్లెక్కి వచ్చి, తనే యంత్రంలో పెట్టి గిర్రున తిప్పి, పైన తేలిన పసుపు నీటిని తీసి, పరీక్షకు వాడే చిన్న చిన్న గుంటల ప్లేటులో ఒక మూల గుంటలో వేసుకునేది. ఫలితం ఏ తల్లికీ చెప్పకూడదన్న నియమం అలాగే ఉంది. ఈ తల్లికి చెప్పాల్సిన పని ఎవరికీ పడలేదంతే. ప్రతి వారం పదిహేడు అడుగున ఉంది. నెలలు నిండేదాకా మోసే తల్లుల్లో ఎంత ఉంటుందో సరిగ్గా అంతే.

ఆమె భర్త, అంటే మా తోడల్లుడు, లిఫ్టులు బాగు చేస్తాడు. మాట తక్కువ మనిషి. ఆయన లెక్కలో ఏదైనా పైనుండాలి, లేకపోతే కిందుండాలి, మధ్యలో ఉంటే మరమ్మతు చేయాలి. పదిహేడు కిందుందని పెళ్ళాం చెప్పింది, అది మంచిదేనని కూడా చెప్పింది, ఆయన నిశ్చింతగా తన పనికి పోయాడు. నిశ్చింత లేనిది నా భార్యకే. కుట్టు వేయించుకోమని చెల్లెలికి నచ్చజెప్పండి, మీ మాట వింటుంది అని పొద్దస్తమానం నా చెవిలో ఇల్లు కట్టుకుని పోరేది. మరదలు నా మాట విన్నది ఎప్పుడో ఆమే చెప్పాలి. అయినా ఏమని నచ్చజెప్పను? ఆ గ్రాఫు గీసింది నేను. నేను గీసినదాన్ని నేనే నమ్మకపోతే ఎలా?

మరదలు మారిపోయింది కూడా. భోజనాల వేళ నవ్వేది. నా చొక్కాలను, నా బట్టతలను, నేను పెన్సిలు నమలడాన్ని వరసపెట్టి ఆటపట్టించేది. మధ్యలో రావాల్సిన రెండు స్కానింగులను ఊరికే అంత దూరం ఎందుకని వాయిదా వేసింది. ఆమె నవ్వుతుంటే ఎవరికీ అడ్డు చెప్పబుద్ధి కాలేదు.

ఇంతలో పెద్ద సమావేశం దగ్గరపడింది. పదిహేడు గురించి నలుగురి ముందు చెప్పడానికి పెద్దాయన సిద్ధమవుతున్నాడు. నలుపు చుక్కల గ్రాఫు కళావిహీనంగా ఉందని, రెండు క్లినిక్‌లకూ రెండు రంగులు వేసి చూపించమని నన్ను అడిగాడు. కేవలం అందం కోసం. నేను విసుక్కుంటూనే వేశాను. పెద్దాసుపత్రికి ఎరుపు, మా కింది క్లినిక్‌కు నీలం.

తెర మీద పై గుంపు ఎర్రగా వచ్చింది, కింది గుంపు నీలంగా వచ్చింది.

ఆ తరువాత ఎర్ర చుక్కలను విడిగా, నీలం చుక్కలను విడిగా గీశాను. పెద్దాసుపత్రి తల్లుల్లో నెలలు నిండినవాళ్ళకూ పదిహేడు ఎక్కువే ఉంది. కింది క్లినిక్‌లో ముందే కాన్పయినవాళ్ళు కొద్దిమందే, వాళ్ళకూ తక్కువే ఉంది. పదిహేడుకు కాన్పు గురించి ఏమీ తెలియదు. దానికి తెలిసిందల్లా ఆ రక్తం ఏ క్లినిక్ నుంచి వచ్చిందన్నదే. ముందస్తు కాన్పులు ఎక్కువయ్యేది ఎలాగూ పెద్దాసుపత్రి వాళ్ళకే కాబట్టి రెండూ కలిపి చూస్తే కాన్పు గుర్తులా కనపడింది. వయసుకూ బరువుకూ ఎత్తుకూ అన్ని సర్దుబాట్లూ చేసినవాణ్ణి ఈ ఒక్కటీ విడదీసి చూడాలని తోచలేదు. పప్పులో కాలేశాను. అదీ ఒంటి కాలు కాదు, రెండు కాళ్ళూ.

ఎందుకిలా అయిందో చూద్దామని మరునాడు పెద్దాసుపత్రికి వెళ్ళాను. గర్భిణుల విభాగంలో బెంచీలన్నీ నిండి, గోడల పొడవునా నిలబడ్డారు. కొందరు చెప్పులు విప్పి, ఉబ్బిన పాదాలను చల్లటి గచ్చు మీద ఆనించుకున్నారు. రక్తం తీసే గది చిన్నది. సిస్టరు తల ఎత్తకుండా ఒక్కొక్కరికే సూది గుచ్చి, నిండిన ట్యూబును కిటికీ దగ్గరున్న స్టాండులో నిలబెడుతోంది. స్టాండు మీద సగం దాకా ఎండ పడుతోంది. మా ల్యాబ్ ట్యూబులు ఎప్పుడు పంపుతారని అడిగాను. క్యూ అంతా అయ్యాక సాయంత్రం వ్యాను వస్తుందని, దాంట్లో పంపుతామని చెప్పింది. ఎక్కడా లోపం చేయడం లేదు పాపం. వెంటనే తిప్పమని ఆమెకు ఎవరూ చెప్పలేదు, తిప్పే యంత్రం ఆమెకు ఎవరూ ఇవ్వలేదు.

మా కింది క్లినిక్ రక్తం మెట్లెక్కి వేడిగా వస్తుంది, వచ్చింది వచ్చినట్టే తిప్పేస్తాం. ఈ రక్తం పొద్దంతా కిటికీలో నిలబడుతుంది. నిలబడ్డ రక్తంలో కణాలు తమలో ఉన్నది మెల్లమెల్లగా బయటికి వదిలేస్తాయి. పదిహేడు అలా బయటికొచ్చిన సరుకని నాకు అనుమానం కలిగింది. మేం ఇన్నేళ్ళుగా కొలుస్తున్నది తల్లి గర్భాన్ని కాదు, కిటికీలో ఎండను.

మరుసటి రోజు పొద్దున్నే పెద్దాయనకు చెప్పాను. నా మాటలు పూర్తయ్యేసరికి ఆయన టీ చల్లారి మీగడ కట్టింది. అరుస్తాడనుకున్నాను, అరవలేదు. అనుమానం వేరు, రుజువు వేరు అన్నాడు. రుజువుకు దారి నేను ముందే ఆలోచించుకుని వెళ్ళాను: మగవాళ్ళ రక్తం తీసి, సగం వెంటనే తిప్పి, సగం కిటికీలో పెట్టి చూద్దాం. కిటికీలో పెట్టిన మగవాడి రక్తం కూడా ముందస్తు కాన్పు అంటే ఇక వాదించుకోవడానికి ఏమీ మిగలదు. ఆయన ఇంకో మాట లేకుండా చొక్కా చెయ్యి పైకి మడిచాడు. నేనూ మడిచాను.

మరదలికి ముందే చెబుదామన్నాను. ఆమె కుట్టు వద్దన్నది దేన్ని నమ్మో ఆయనకూ తెలుసు. ఆయన వద్దన్నాడు. ప్లేటు నడిపే మనిషికి ట్యూబులో ఉన్నది ఎవరిదో తెలియకూడదు, ఎవరి కోసమూ ఆ నియమం సడలించవద్దు, ఒక్కరోజు ఓపిక పట్టు అన్నాడు. ఆయన చెప్పింది సబబే. అయినా ఆ రోజు ఇంటికి పోయి భార్య ముఖం చూడాలంటే నాకు చేతకాలేదు. వంటింట్లోంచి ఆమె ఏదో అడుగుతుంటే వినపడనట్టు నటించాను.

మర్నాడు మధ్యాహ్నానికి మరదలు ఫలితాలు పట్టుకుని పెద్దాయన గదిలోకి వచ్చింది. నేను అక్కడే ఉన్నాను. జమాఖర్చుల గుమాస్తా ఏదో సంతకం కోసం వచ్చి నిలబడ్డాడు. మరదలు ఆయాసపడుతోంది. ఐదో నెల కడుపు తెల్లకోటు గుండీలను పట్టి లాగుతోంది.

"ఇందులో ఇద్దరు తల్లులను వెంటనే కనిపెట్టుకుని ఉండాలి సార్," అంది. "పదిహేడు ఇంత ఎక్కువ ఉండటం నేనెప్పుడూ చూడలేదు."

పెద్దాయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఆ ఇద్దరిలో ఒకర్ని నేనమ్మా. రెండో మనిషి మీ బావ."

ముందు ఆమె నవ్వింది. పకపకా నవ్వింది. గుమాస్తా కూడా నవ్వి, ఎన్నో నెల సార్ అని పెద్దాయన్నే అడిగేశాడు. నేనూ పెదవులు సాగదీశాను. ఆ నవ్వు మధ్యలోనే ఆమె ఆగిపోయింది. నవ్వు ముఖం మీదే ఉంది కానీ అందులో ఎవరూ లేరు. చేతిలోని కాగితం వంక, ఆ తరువాత నా వంక చూసింది. ఎందుకు చేశారని అడగలేదు, ఎవరు చేయమన్నారని అడగలేదు. ఆ పని తెలిసిన మనిషి ఏమడుగుతుందో అదే అడిగింది.

"ఎంతసేపు బయట పెట్టారు?"

పొద్దున్నుంచి సాయంత్రం వ్యాను వచ్చే వేళదాకా అని చెప్పాను. పెద్దాసుపత్రిలో కిటికీ సంగతి, రెండు రంగుల సంగతి చెప్పాను. మొదలుపెట్టాక మొత్తం చెప్పడమే మంచిదనిపించింది. గుమాస్తా సంతకం సంగతి మరిచిపోయి బయటికి నడిచాడు. ఆమె కుర్చీ లాక్కుని కూర్చుని, చెయ్యి పొట్ట మీద పెట్టుకుంది.

"నాది నేనే తెచ్చుకునేదాన్ని కదా బావా. మెట్లెక్కి రాగానే తిప్పేదాన్ని."

"అవును."

"అయితే నాది తక్కువ రాక ఏమవుతుంది?"

ఆ గదిలో ఆమె ఎదుట ఉన్నది మేమిద్దరం మగవాళ్ళం, ముందస్తు కాన్పు ఖాయమైన వాళ్ళం. నాకు ఆ క్షణంలో కలిగింది సిగ్గు కాదు, భయం. ఆమె ఇన్ని వారాలు దేని మీద నిలబడిందో దాన్ని మేం కింద నుంచి లాగేశాం, ఇప్పుడు పడిపోతుందని భయపడ్డాను. ఆమె పడలేదు. లేచి కోటు విప్పి మడత పెట్టి, తోడల్లుడికి ఫోను చేయమని నాకు చెప్పి, మెట్లు దిగింది.

ఆ సాయంత్రమే పెద్దాసుపత్రి బెంచీ దగ్గర తోడల్లుడు నన్ను పక్కకు పిలిచాడు. చేతులకు ఇంకా గ్రీజు ఉంది. పదిహేడు కిందే ఉందన్నారు కదా, మరి ఇప్పుడేమైందని నెమ్మదిగా అడిగాడు. ఎలా చెప్పాలో తోచక, లిఫ్టు తలుపు పైన అంకె వెలుగుతుంది చూడు, లిఫ్టు ఎక్కడున్నా సరే అది ఒకటే అంతస్తు చూపిస్తే ఎలా ఉంటుందో అలా అయిందన్నాను. ఆయనకు వెంటనే అర్థమైంది. అలాంటి లిఫ్టులో మనుషుల్ని ఎక్కించకూడదు అన్నాడు. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉండి ఉంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది.

లేడీ డాక్టరు స్కానింగ్ చేసింది. చాలాసేపు చేసింది. బయటికొచ్చి మాతో నిలబడే మాట్లాడింది. మూతి కురచబడిందని, లోపలి వైపు నుంచి తెరుచుకోవడం మొదలైందని చెప్పింది. కుట్టు వేయడానికి ఇంకా వీలుంది, కానీ రేపటిదాకా ఆగకూడదు. ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదని ఆమె గొంతులో కోపం వినపడింది. మరదలి కోపానికి అలవాటు పడ్డ చెవులకు అది పెద్దగా తగల్లేదు. నా భార్య మాత్రం గోడకు ఆనుకుని ఏడ్చేసింది. ఇన్ని వారాలు నా చెవిలో పోరింది ఇందుకేనని ఒక్క మాట అనలేదు. అనకపోవడం వల్లే నాకు ఎక్కువ బాధ కలిగింది.

లోపలికి తీసుకెళ్ళేముందు కాసేపు మరదల్ని చక్రాల మంచం మీద వరండాలో ఉంచారు. నేను దగ్గరికి వెళ్ళాను. ఏదైనా సరదాగా అందామని వెళ్ళాను. పైకప్పు వంక చూస్తూ ఆమే మాట్లాడింది.

"నీ మీద కోపం లేదు బావా. తప్పు పట్టుకున్నావు, మంచి పని చేశావు. కానీ సంతోషం మాత్రం లేదు. పాప పోయాక నేను ఒళ్ళు తెలియకుండా నిద్రపోయింది ఈ నాలుగు వారాలే. ఇంకో నాలుగు వారాలు పడుకోనిచ్చి ఉంటే బాగుండునని ఇప్పుడు కూడా అనిపిస్తోంది. అంత తెలివితక్కువగా ఉంది నాకు."

"నాకూ అలాగే ఉంది," అన్నాను. అబద్ధం చెప్పలేదు. ఆ గ్రాఫుకు రంగులు వేయకుండా ఉండాల్సిందని నేను ఆ నాలుగు రోజుల్లో ఎన్నిసార్లు అనుకున్నానో నాకే తెలుసు. అనుకున్నంత మాత్రాన లోపల తెరుచుకుంటున్నది మూసుకోదు, అదీ తెలుసు.

కుట్టు వేశారు. నిలుస్తుందా అని నా భార్య అడిగితే చెప్పలేమంది డాక్టరు.

ఆ తరువాత మరదలు మా ఇంట్లోనే మంచం పట్టింది. అక్కకు ఆమెను కంటికి రెప్పలా చూసుకోవడమే ఉద్యోగమైంది. మంచం దిగితే కేకలు, కిటికీ దాకా నడిస్తే కేకలు, నవ్వు ఎక్కువైనా కేకలు. ఆ ఇంట్లో నా స్థాయి మంచినీళ్ళు అందించేవాడి దాకా దిగింది. తోడల్లుడు సాయంత్రాలు వచ్చి, మంచం కోళ్ళు కిందికీ మీదికీ సర్ది, వచ్చిన పని అయిపోయినట్టు కూర్చునేవాడు.

ల్యాబ్‌లో పెద్దాయన సమావేశానికి వెళ్ళాడు. వెళ్ళి, పదిహేడు గురించి చెబుతానన్న వేదిక మీదే పదిహేడు ఎందుకు కాదో చెప్పి వచ్చాడు. తన పేరే కాకుండా తన రక్తం కూడా ఆ ఫలితాల్లో ఉందని చెప్పినప్పుడు అక్కడ బాగా నవ్వారట. ఆయన తిరిగొచ్చి ఆ సంగతి మాకు చెబుతూ తనూ నవ్వాడు. నవ్వి, రెండు రోజులు సెలవు పెట్టాడు. ఆయన సెలవు పెట్టడం అదే మొదటిసారి. ఆ తరువాత పెద్దాసుపత్రి రక్తం గదిలో తిప్పే యంత్రమొకటి పెట్టించాడు, కొత్త తల్లులతో పని మళ్ళీ మొదటి నుంచి మొదలైంది.

ఒకరోజు పళ్ళు పట్టుకుని మరదల్ని చూడటానికి మా ఇంటికి వచ్చాడు. కొత్త పరిశీలనలో ఆమె కూడా చేరుతుందేమో అడగాలని వచ్చాడు కానీ, ఆ మాట ఎత్తలేక నీళ్ళు నమిలాడు. చివరికి ఆమే ఎత్తింది. రక్తం ఎప్పుడు కావాలంటే అప్పుడు ఇస్తానంది. అయితే తన కాన్పు అయ్యేదాకా ప్లేటు వేరే ఎవరైనా నడపాలని, తన ట్యూబు ఏదో తనకు తెలియకూడదని అడిగింది. మిగతా తల్లులందరికీ ఉన్న నియమమే తనకూ కావాలంది.

కుట్టు రెండు నెలలకు పైగా నిలిచింది. ఎనిమిదో నెల మొదట్లో నొప్పులొచ్చాయి, కుట్టు విప్పారు, ఆడపిల్ల పుట్టింది. ఏడ్చింది. ఏడుపు చిన్నదే కానీ తలుపు ఇవతల నిలబడ్డ మా అందరికీ వినపడింది. వెంటనే తీసుకెళ్ళి అద్దాల పెట్టెలో పెట్టారు.

ఆ పెట్టెల గదిలోకి తల్లుల్ని తప్ప ఎవరినీ రానివ్వరు. మేం అద్దం ఇవతల నిలబడేవాళ్ళం. లోపలి మాటలు తలుపు సందులోంచి వినపడుతూ ఉండేవి. తల్లులందరూ సిస్టరును అడిగేవి దాదాపు ఒకే ప్రశ్నలు. గండం గడిచినట్టేనా? ఇంటికి ఎప్పుడు తీసుకెళ్ళవచ్చు? పెద్దయ్యాక అందరిలాగే ఉంటుందా? అవన్నీ నా భార్య మొదటి రోజే తలుపు బయట నుంచి అడిగేసింది. ఎనిమిదో నెలలో ఆ బరువుతో పుట్టిన పిల్లల్లో ఎంతమంది నిలుస్తారో నాకు తెలుసు. అది నా వృత్తి. ఆ అంకె నోటిదాకా వచ్చినప్పుడల్లా మింగేశాను. ఎవరికో చెప్పడానికైతే మంచి అంకే అది. మనింటి పిల్ల అద్దాల పెట్టెలో పడుకుని ఉంటే ఏ అంకె అయినా చిన్నదిగానే కనపడుతుంది.

మరదలు మాత్రం ఆ ప్రశ్నలేవీ వేయలేదు. రోజూ చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళేది, పెట్టె పక్కన ఎత్తు స్టూలు మీద కూర్చునేది, అద్దంలో ఉన్న రంధ్రంలోంచి చెయ్యి పెట్టి పిల్ల కాలు మీద ఒక వేలు ఆనించేది. లేచేటప్పుడు, ఇవాళ పాలు ఎంత తాగిందని ఒక్కటే అడిగేది.

సిస్టరు మంచి మనిషి. అందరూ అడిగేది ఈమె అడగకపోతే, అడగడానికి భయపడుతోందని అనుకుంది కాబోలు. ఒకరోజు తనే దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యి వేసింది.

"మీ పాప తప్పకుండా నిలుస్తుందమ్మా. ఇన్నేళ్ళుగా ఎంతమందిని చూశాను, ముఖం చూస్తే నాకు తెలిసిపోతుంది."

మా మరదలి దగ్గర రుజువు లేని మాట అన్నవాళ్ళెవరూ క్షేమంగా బయటపడలేదు. ఈసారి కోపం రాలేదు. సిస్టరు చెయ్యి మీద తన చెయ్యి వేసింది.

"ఆ మాట చెప్పకండి సిస్టర్. చెబితే నమ్మేస్తాను. ఇవాళ ఎంత తాగిందో చెప్పండి, చాలు."

సిస్టరు చెప్పింది. మరదలు తల ఊపి మళ్ళీ స్టూలు మీద కూర్చుంది.